కప్పను ఇయ్యనన్న రోజు

ఊరు ఊరంత గేటు ముందర నిలబడి అడిగినా నేను ఒక్క కప్పను ఇయ్యలే. అది నిజం. మిగతాది మీరు విన్నది సగం అబద్ధం. నేను ఎవ్వల మీద గడ్డపార ఎత్తలే. కప్పలకు బువ్వ కలిపి పెట్టలే. వానదేవుణ్ణి తిట్టలే. నాకు కప్పలవ్వ అని పేరు పెట్టిండ్రట. పెట్టుకోండ్రి. పేరు మోసేటందుకు కూలి మనిషి అక్కరలేదు.

కొత్తగ నర్సరీలల్ల పనికి చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చి, "పెద్దవ్వా, ఆ ముచ్చట చెప్పు" అని కూసుంటున్నరు. చెప్తే పూట పోతది, చాయ పెట్టాలె. అందుకని మనుమరాలి పాత నోటుబుక్కులల్ల మిగిలిన కాయిదాలు ఒక్కకాడ కుట్టి రాస్తున్న. నేను చదివింది మూడో తరగతి. ఒత్తులు తప్పిపోతే మీరే సరిచేసుకోండ్రి. ముచ్చటను మాత్రం సరిచేయకుండ్రి.

నా తల్లిగారిల్లు సిరిసిల్ల. మగ్గాల చప్పుడుల పుట్టి పెరిగిన. మంది లొల్లి పెడితే నాకు భయం కాదు, నిద్ర వస్తది. కోరుట్లకు జగిత్యాలకు నడుమ ఒక ఊరికి నన్నిచ్చిండ్రు. ఆ ఊర్ల ఇరవై ఏండ్లకు ఎక్కువనే బీడీలు చుట్టిన. మెడ వంగి, కండ్లు మసకలు వచ్చినంక, ఊర్ల సర్కారు నర్సరీ పెడితే మట్టిపనికి పోయిన.

ఆ పని మీకు తెలిసిందే. మట్టి, ఎరువు, ఇసుక కలిపి జల్లెడ పట్టాలె. నల్ల సంచులల్ల నింపి వరుసలు పేర్చాలె. గింజ పెట్టి నీళ్లు కొట్టాలె. వానలు పడంగనే ఇంటింటికి మొక్కలు పంచాలె. అప్పటికి మొక్క మోకాలెత్తు కాకపోతే పై సార్లు వచ్చి కింది సార్లను, కింది సార్లు వచ్చి మమ్ములను తిడతరు. రెండేండ్లకు నన్ను మేస్త్రి చేసిండ్రు. మేస్త్రి అంటే పెద్ద కొలువేం కాదు. గేటు చావి నా దగ్గర ఉంటది. ఎంతమంది పనికి వచ్చిండ్రో నేను చెప్తే సారు రాసుకుంటడు. మంచయితే సారుది, తప్పయితే నాది.

నేను మేస్త్రి అయిన మొదటేడు మొలక లేచింది లేచినట్టే పోయింది. పొద్దున పోయి చూస్తే మొదట్ల కత్తిరించినట్టు పడి ఉండేవి. కొన్ని సంచులల్ల వేరును చెద తిన్నది. మా నర్సరీ చూసే సారు పడుచు పిల్లగాడు, మంచోడే, కాయిదం మీద నమ్మకం జెర ఎక్కువ. ఆయన గుళికల మందు తెచ్చి చల్లుమన్నడు. చల్లినం. నాతోని జోడిగ పనిచేసే ఆమెకు రెండు దినాలల్ల అరచేతులు బొబ్బలెక్కినయి.

ఆమెను నేను ఆపా అంటుంటి. కోరుట్లల ఉర్దూ మాట్లాడే ఇంట్ల పుట్టింది, మొగడు సైకిళ్లు బాగుచేస్తడు. నాకంటె పదేండ్లు చిన్నది. నేను ఆమెను ఆపా అంట, ఆమె నన్ను అక్కా అంటది. ఇద్దరికి ఇద్దరం అక్కలమే, చెల్లె ఎవరో ఇప్పటికీ తేలలే. ఆ నాడు చేతులు చూపెట్టి, "అక్కా, నేనేమన్న పురుగునా?" అన్నది. నవ్వుకుంటనే అన్నది గాని, పగటి బువ్వ చెంచతోని తిన్నది.

నల్లా కాడ రెండు వరుసలున్నయి. ఆ నల్లా ఎప్పుడూ కారేది. నీళ్లు పోతున్నయని నాకు కడుపు మండేది, వాషర్ మార్చమని సారును రోజూ అడిగేది. ఆ రెండు వరుసలల్ల మాత్రం ఒక్క మొలక పడలే. ఎందుకు పడలేదని సంచులు జరిపి చూసిన. అడుగున గోండ్రుకప్పలు. మట్టి రంగు, ఒంటినిండ పొక్కులు, పొట్ట నేలకానించి, మనం పోయి వాటి నిద్ర చెడగొట్టినట్టు చూసే కప్పలు. ఆడ వాటి పెంటికలున్నయి. ఒకటి చిదిమి చూసిన. చీమల తలలు, పురుగుల రెక్కలు, కీచురాళ్ల కాళ్లు. ఆపా ముక్కు మూసుకున్నది. "చూడు ఆపా, మనం జీతమియ్యని కూలోళ్లు" అన్న.

ఆ దినం నుంచి గుళికల డబ్బాకు మూత పెట్టిన. ఊర్ల అందరు గూన ఇండ్లు కూలగొట్టి స్లాబులు పోసుకుంటున్నరు, గూన పెంకలు రోడ్డు పక్కన కుప్పలు పడి ఉన్నయి. తట్టలల్ల మోసుకొచ్చినం. వరుసకు వరుసకు నడుమ ఒక్కో పెంక బోర్లేసి, ఒకదిక్కు చిన్న రాయి పెట్టి ఎత్తినం. పగిలిన కుండలు పక్కకు పండబెట్టినం. పాత ట్రాక్టర్ టైరును సగానికి కోసి నీళ్లు నింపి, ఎక్కి బయటికి వచ్చేటందుకు నడుమ ఒక బండ వేసినం. రాలిన ఆకును కాలబెట్టకుండ మూలకు కుప్ప పోసినం. ఒక్క వస్తువు కొన్నది లేదు.

సారు వచ్చి చూసి, "ఏందమ్మా ఇది, నర్సరీనా, కప్పల కాలేజా?" అన్నడు.

"కాలేజే సారూ. ఫీజు లేదు, మెస్సు లేదు. వాటి కూడు అవే తెచ్చుకుంటయి."

ఆ మరుసటేడు మొలక నిలబడ్డది. పై సారు వచ్చి ఫొటో దిగిండు. పెంకలు అడ్డమొస్తున్నయి తీసేయమన్నడు. తీసేసినం. ఆయన జీపు మలుపు తిరిగినంక మల్ల పెట్టినం.

ఇగ నా తప్పు రాస్త. దాన్ని దాచిపెట్టి మిగతాది చెప్తే అది ముచ్చట కాదు, డప్పు కొట్టుకునుడు అయితది.

తర్వాతి ఏడు కాలం కాలే, వాన సుక్క పడలే. మిరుగు కార్తె దాటిపోయింది, మొగుల మీద మబ్బు తునక లేదు. కప్పతల్లి ఆడుదమన్నరు. తెలువని పిల్లలుంటరు, చెప్త: రోకలికి వేపమండలు కట్టి, నడుమ ఒక బట్టల కప్పను కట్టి, ఇద్దరు భుజాల మీద మోసుకుంట ఇల్లిల్లు తిరుగుతరు. ఇంటి ఆడోళ్లు కప్ప మీద బిందెడు నీళ్లు పోసి బొట్టు పెడ్తరు, మోసేటోళ్లకు గింజలు పెడ్తరు. కప్ప నోరిడిస్తే వాన వస్తదని. చిన్నప్పుడు నేను గూడ పోసినదాన్నే. నమ్ముతవా అని అడిగితే ఏం చెప్తం? పోసేటప్పుడు నమ్ముతం.

చెరువు ఎండింది, కప్ప దొరకలే. "నీ నర్సరీల ఉన్నయట గదా పెద్దవ్వా" అని వచ్చిండ్రు. నాకు గర్వమయ్యింది. ఊరికి అవసరం పడ్డది నా దగ్గర ఉన్నది! మంచి బలమైన దాన్ని చూసి నేనే పట్టిచ్చిన. వాళ్లు ఆడి, వీడియో తీసి వాట్సప్‌ల పెట్టిండ్రు. పొద్దుగూకక ముందే ఇంకో వాడోళ్లు వచ్చి, "వాళ్లకిచ్చినవు, మాకియ్యవా? మేం ఊరోళ్లం కామా?" అన్నరు. ఒక వాడకు ఇచ్చి ఇంకో వాడకు ఇయ్యకుంటే మనుషుల నడుమ తేడా చేసినట్టు. తేడా చేసిన అనిపించుకునుడు నాకు ఇష్టం లేదు. ఇచ్చిన. మూడో వాడకు ఇచ్చిన. నాలుగో వాడకు ఇచ్చిన. గొల్లపల్లి దిక్కు చుట్టాలు ఆటోల వచ్చిండ్రు, వాళ్ల ఊరికి గూడ ఇచ్చిన. నా చేతులతోనే పట్టి, ప్లాస్టిక్ బకెట్లల్ల వేసి, దుంకకుండ మూతలు పెట్టి ఇచ్చిన.

"అక్కా, చాలు" అన్నది ఆపా.

"ఊరి పని ఆపా. మనమెట్ల వద్దంటం?"

ఆట అయినంక కప్పను నీళ్లల్ల ఇడువాలె. నీళ్లు లేకనే గదా ఆట! ఏడ ఇడుస్తరు? కొన్ని బకెట్లల్లనే ఉడికిపోయినయట. కొన్నింటిని ఎండిన చెరువుల ఇడిసిండ్రట. కొన్నింటిని ఆడినకాడనే సిమెంటు రోడ్డు మీద ఇడిసి ఎవ్వల ఇంటికి వాళ్లు పోయిండ్రు.

ఆ ఎండకాలమే నర్సరీకి ముండ్లకంచె తీసేసి సిమెంటు గోడ కట్టి ఉండ్రి. వారం తర్వాత పొద్దున చావి పట్టుకొని పోయిన. గోడ మొదట్ల, బయటి దిక్కు, నాలుగు కప్పలు ఎండి అట్టలై ఉన్నయి. ఊర్లకెల్లి తిరిగి వచ్చినయి. గోడ పొడుగూత లోపలికి దారి దేవులాడినయి. దొరకలే. ఒకదాని కాలికి ఆటల కట్టిన ఎర్రదారం ఇంకా ఉన్నది.

ఆపా వాటిని చీపురుతోని నూకలే. చేతులతోని ఎత్తి, మట్టి తీసి పూడ్చిపెట్టింది.

వాన రావలసినప్పుడే వచ్చింది, చానా దినాలకు. ఆ లోపల కీచురాళ్లు, చెదలు కలిసి మా వరుసలు సగం తిన్నయి. మొక్కలు పంచేటి దినం జగిత్యాల దిక్కు ఇంకో నర్సరీకెల్లి ట్రాలీల తెచ్చి పంచిండ్రు. మా ఊరోళ్లకు మా ఊరి మొక్క ఇయ్యలేకపోయిన. ఆ ట్రాలీ దగ్గర నిలబడి పేర్లు పిలిచింది నేనే. ఎవ్వలు నన్ను తప్పుపట్టలే, పురుగును పట్టిండ్రు, ఎండను పట్టిండ్రు. నా తప్పు నా ఒక్కదానికి, ఆపాకు తెలుసు.

మరుసటి దినం గడ్డపార తీసుకొని గోడ మొదట్ల పొక్కలు పెట్టిన. పిడికిలి పట్టేంత, పది అడుగులకొకటి. సారు ఉరికొచ్చిండు.

"అమ్మా, అది సర్కారు గోడ!"

"మొక్కలు గూడ సర్కారియే సారూ. పొక్కలు నా పేరు మీద రాసుకోండ్రి, మొక్కలు బతికితే మీ పేరు మీద రాసుకోండ్రి."

ఆయన రెండింట్ల ఏదీ రాయలే. మంచోడని చెప్పిన గదా.

ఆ వానకాలం ఆ పొక్కలకెల్లి ఒక కప్ప వచ్చింది, తర్వాత రెండు వచ్చినయి. టైరు నీళ్లల్ల నల్లపూసలు గుచ్చిన దారాల లెక్క గుడ్లు కనపడ్డయి. కొన్ని దినాలకు గోరంత కప్పలు సంచుల నడుమ ఎగురుతుంటే అడుగు చూసి ఏసేటోళ్లం. ఊర్ల ఆడోళ్లకు గూడ చెప్పవట్టిన: నీళ్లు పోసుకునే బండ పక్కన పగిలిన కుండ ఒకటి పండబెట్టుండ్రి, గోడ కింద సందు ఇడువుండ్రి, పెరట్ల మందు కొట్టకుండ్రి అని. కొందరు విన్నరు. ఒకామె, "మా ఇంట్ల మొగోనికే జాగ లేదు పెద్దవ్వా, కప్పకెక్కడ పెట్టాలె?" అన్నది. "ఇద్దరిట్ల ఏది పురుగులు తింటదో దాన్ని పెట్టు" అన్న.

మల్లేడు మల్ల కాలం వెనుకబడ్డది. నా కొడుకు రెండెకరాలల్ల మక్క ఏసిండు. బోరు లేదు, మొగులే దిక్కు. మా కోడలు రోజూ పొద్దున వాకిట్ల నిలబడి పైకి చూసేది, లోపలికి పోయేది. కప్పతల్లి మాట ఊర్ల మొదలయ్యిందని నాకు నాలుగు దినాల ముందే తెలుసు. నేను ఇయ్యనని గూడ నాకు నాలుగు దినాల ముందే తెలుసు. ఇంట్ల మాత్రం చెప్పలే.

ఆ పొద్దున మేం నీళ్లు కొడుతుంటే డప్పు చప్పుడు దగ్గరికొచ్చింది. పోయి గేటుకు లోపలికెల్లి తాళమేసి, చావి కొంగుకు ముడేసుకున్న.

"ఆపా, నువ్వు ఇంటికి పో. లొల్లయితే నీ మీద పెడ్తరు."

"ఎట్ల పోవాలె అక్కా? నువ్వు పెట్టిన పొక్కలు కప్పలకే సరిపోతయి." నీళ్ల పైపు కిందపెట్టి వచ్చి నా పక్కకు నిలబడ్డది. "ఈ మొలకలకు నీళ్లు నేను గూడ కొట్టిన. ఉంట."

మంది వచ్చిండ్రు. పడుచోళ్లు, ఆడోళ్లు, చంకల బిందెలు, చేతులల్ల ఫోన్లు. ముందర సర్పంచ్ పెనిమిటి. మా ఊరి సర్పంచ్ ఆడమనిషి. కుర్చీ ఆమెది, కూసునేది ఆయన.

"అక్కా, గేటు తియ్యి. ఒక్క కప్ప."

"నిరుడు గూడ ఒక్కటే అన్నరు తమ్మీ."

"ఈసారి ఊరంతటికి కలిపి ఒక్కటే. నేను మాటిస్తున్న గదా."

"నీ మాట వాట్సప్‌ల ఎక్కేదాక ఉంటది. ఇయ్య."

వెనుకకెల్లి ఒక పోరడు ఒర్రిండు: "పెద్దవ్వకు కప్పలే మనుమలైనయిరా!" అందరు నవ్విండ్రు.

"అవునురా. నువ్వు గూడ నాకు మనుమని వరుసే. వాటికున్న పనిల నీకు సగం గూడ లేదు, నోరు మాత్రం వాటికంటె పెద్దగున్నది."

అప్పుడు ఆపా దిక్కు ఒకడు చెయ్యి చూపెట్టి, "ఆమెకేం పని ఈడ?" అన్నడు.

నేను నోరు తెరిచే లోపల ఆపానే అన్నది: "వాన కోసం మేం గూడ నమాజు చేస్తం భాయ్. ఇంకొకని ఇంటికి పోయి కప్పలు ఎత్తుకరాం."

ఆడోళ్లల్ల కొందరు నవ్వు దాచుకునేటందుకు కొంగు అడ్డం పెట్టుకున్నరు. అయినా ఒక గొంతు కోపంగ లేచింది. "వాన రాకుంటే పాపం నీదే ముసల్దానా!"

"సరే, రాకుంటే నాదే అనుకోండ్రి. వస్తే గూడ నాదే అనాలె మరి. అంటరా?"

సర్పంచ్ పెనిమిటికి ముఖం ఎర్రగయింది. "మేస్త్రి పని తీసేపిస్త అక్కా. ఊరిని కాదని ఊర్ల ఎట్ల చేస్తవు?"

"తీసేపియ్యి. చావి రేపు పొద్దున నీ ఇంటికే తెచ్చిస్త. ఇయ్యాల మాత్రం ఇది నా కొంగుకే ఉంటది."

అప్పుడు చూసిన. రోకలి వెనుక కొసను మోస్తున్నది నా కొడుకు. అంతసేపు ముందటోని వెనుక దాక్కున్నడు. రోకలి నడుమ వేపమండలు కట్టి ఉన్నయి, బట్ట ఖాళీగ వేలాడుతున్నది. వాడు గేటు కాడికి వచ్చిండు, వాని భుజం మీది రోకలి కొస గేటుకు తగిలి ఠంగున మోగింది.

"సోయిలేనోడా, అవ్వ మీదికి రోకలి తెస్తవా?" అన్న. ఆ దినం నేను తిట్టింది వాణ్ణొక్కణ్ణే.

వాడు ఎదురు తిట్టలే. మెల్లగ అన్నడు. "అవ్వా, ఏసి పద్నాలుగు దినాలాయె. పొద్దుగాల పోయి మట్టి తీసి చూసిన. గింజ ఉబ్బలే, పాసిపోలే, అట్లనే ఉన్నది. ఇంకో నాలుగు దినాలు చూస్తది అది. తర్వాత చూడది. తియ్యి అవ్వా."

పిల్లలూ, మంది తిడితే నిలబడుడు కష్టం కాదు. కడుపుల పుట్టినోడు మెల్లగ అడిగితే నిలబడుడు కష్టం. నా చెయ్యి కొంగు దాక పోయింది. ముడి మీద వేలు పెట్టిన గూడ. ఆపా చూసింది. నిరుడు "అక్కా, చాలు" అన్న మనిషి, ఈసారి ఆ మాట నేనే అనుకోవాలని ఊకున్నది.

చెయ్యి తీసేసి గట్టిగ చెప్పిన, అందరికి వినపడేటట్టు.

"నిరుడు కప్పలిచ్చింది నేనే. వాడకొకటి, వాడకొకటి, ఎవ్వలు ఏమనుకుంటరో అని అడిగినోనికల్ల ఇచ్చిన. ఈ గోడ మొదట్ల వచ్చి సచ్చినయి, కాలికి మీరు కట్టిన దారంతోని. మొలక పోయింది. మీ ఇండ్లకు పరాయి ఊరి మొక్క వచ్చింది. పురుగు తప్పు కాదు అది, ఎండ తప్పు కాదు, నా తప్పు. ఇప్పుడు నేనొక్కటి అడుగుత. ఆట అయినంక కప్పను నీళ్లల్ల ఇడువాలె గదా? ఏడ ఇడుస్తవు కొడుకా? జాగ చూపెట్టు. చూపెట్టినంక నేనే తాళం తీస్త."

"చెరువుల" అన్నడొకడు. అని వాడే నోరు మూసుకున్నడు.

"కాలువల."

"కాలువల మేకలు తిరుగుతున్నయిరా" అన్నది ఒకామె.

"బావిల ఏస్తం."

"అంత లోతు బావిల వేస్తే అది ఎట్ల పైకి వస్తది? నువ్వు దిగి తెస్తవా?"

నా కొడుకు దిక్కు చూసిన. వాడు తల వంచుకొని నేల చూస్తున్నడు. రైతు గదా, నీళ్లు ఏడున్నయో ఏడ లేవో అందరికంటె వానికే ఎక్కువ తెలుసు.

మందిల మా ఊరందరికంటె పెద్ద ముసలామె ఉన్నది. ఏ ఏడు ఆడినా కప్ప మీద మొదటి బిందె పోసేది ఆమెనే. అంతసేపు నిండు బిందె చంకల పెట్టుకొనే నిలబడ్డది. ఆమెకు నడుము నొచ్చినట్టున్నది, బిందె గేటు ముందర ఠక్కున దించింది.

"ఊర్ల కప్పకు సాలే నీళ్లు ఈ నర్సరీలనే ఉన్నయి. కప్ప గూడ ఈడనే ఉన్నది. మరి కప్పను బయటికెందుకు తెచ్చుడు? మనమే లోపలికి పోదం."

"అట్ల పద్ధతి కాదు పెద్దమ్మా" అన్నడు సర్పంచ్ పెనిమిటి. "కప్ప ఇల్లిల్లు తిరుగాలె."

"నీ పెండ్లాం కుర్చీల నువ్వు కూసునుడు ఏ పద్ధతిరా?"

ఆ నవ్వు ఆగేటందుకు జెర సేపు పట్టింది. నేను ముడి ఇప్పిన. "ఆడోళ్లు, ఒక్కొక్కరు, బిందెలతోని. రోకలి బయటనే. ఫోన్లు బయటనే" అన్న.

ముసలామె ముందు వచ్చింది. ఒక పెంక ఎత్తి చూపెట్టిన. అండ్ల పెద్ద గోండ్రుకప్ప. పసుపు కప్పకు పెట్టనియ్యలే, తోలు మండుతదని పెంకకు పెట్టుమన్న. గొణిగింది గాని పెంకకే పెట్టింది. బిందె వంచింది. కప్ప ఒళ్లు ఉబ్బిచ్చి, ఉచ్చ పోసి, దుంకి పక్క పెంక కిందికి దూరింది. "నోరిడిసిందా?" అని బయటికెల్లి అడిగిండ్రు. "నోరు కాదు, ఇంకోటి ఇడిసింది" అన్నది ముసలామె. తర్వాత ఒకరెనుక ఒకరు వచ్చిండ్రు. ఆపా వరుసల నడుమ నిలబడి దారి చూపెట్టవట్టింది: "ఇటు వదినా, ఇటు, ఈ వరుసకు పొద్దుగాలటి నుంచి నీళ్లు రాలే. ఈడ గూడ కప్ప ఉన్నది, పొయ్యి." ఆ పొద్దు మల్ల మేం పైపు పట్టలే. బిందెల నీళ్లతోనే నర్సరీ మొత్తం తడిసింది. మా కోడలు గూడ వచ్చింది. నన్ను చూడకుండ పోసింది, చూడకుండ పోయింది.

ఊరంత నా మాట విన్నదని నేను రాయను. ఒక వాడ పోరగాండ్లు కోపంతోని పోయి యాడనో ఒక కప్పను దొరికిచ్చుకొని ఆడిండ్రు. నా కొడుకు రోకలిని ఇంటికి మోసుకుపోయి గోడకు ఆనిచ్చి, నాతోని మాట బందుపెట్టిండు.

మరుసటి పొద్దున చావి తీసుకపోయి సర్పంచ్ పెనిమిటి చేతుల పెట్టిన. నేను బతిలాడుత అనుకున్నట్టున్నది, తీసుకోనికె జెర సేపు చూసిండు. అయ్యింది, మేస్త్రి పని పోయింది. పడుచు పిల్లను ఒకామెను పెట్టిండ్రు. ఆ పిల్ల కింద నేను మోకాళ్లు మొరాయించేదాక కూలి చేసిన. మొదటి దినమే నన్నడిగింది, "పెద్దవ్వా, ఈ పెంకలు ఎంత ఎత్తున పెట్టాలె?" అని. రెండు వేళ్లు చూపెట్టిన.

వాన తొమ్మిది దినాలకు వచ్చింది. మబ్బుకు నా గేటు తాళం కనపడలే, ఆ పోరగాండ్ల కప్ప గూడ కనపడలే. వాన వస్తే నాదే అంటరా అని అడిగిన ప్రశ్నకు మాత్రం ఊర్లకెల్లి ఇప్పటిదాక జవాబు రాలే. నా కొడుకు మక్క సగం మొలిచింది, సగం మల్ల ఏసిండు. మల్ల ఏసేటి దినం నేను గూడ పోయి వాని ఎనుక సాలు పొంటి గింజలు పెట్టిన. అప్పుడు గూడ వాడు మాట్లాడలే. నేను గూడ మాట్లాడలే. తప్పు చేయనిదాన్ని నేనెందుకు ముందు మాట్లాడుత?

ఆ ఏడు మా వరుసలు మోకాలు దాటినయి. పంచేటి దినం ఊరోళ్లు లైన్ల నిలబడ్డరు. కొత్త మేస్త్రి పిల్ల పేర్లు పిలుస్తున్నది, నేను, ఆపా మొక్కలు అందిస్తున్నం. మా ఇంటి పేరు పిలిస్తే కొడుకు వచ్చిండు. జామ, ఉసిరి, రెండు సీతాఫలం చేతుల పెట్టిన. తీసుకున్నడు గాని జరుగలే. నేల దిక్కు చూసుకుంట, ఇన్ని దినాలకు మొదటి మాట అన్నడు.

"అవ్వా, ఒక కప్పను గూడ ఇస్తవా? పెరట్ల పెడ్త."

ఆపా నా దిక్కు చూసింది.

"ఇయ్య" అన్న. "పెంక పెట్టు, తడి ఉంచు, మందు కొట్టకు. వచ్చుడు, రాకపోవుడు దాని ఇష్టం."

"ఒక్కటిస్తే ఏమయితదే?"

"ఇచ్చేదాన్నయితే నువ్వు రోకలి మోసుకొచ్చిన నాడే ఇద్దును గదా కొడుకా. నడువు, నీ ఎనుక మంది ఉన్నరు."